మూడడుగుల సముద్రం: కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మొదటి రీఫ్ ట్యాంక్, తప్పులుంటే ఇప్పుడే తిట్టండి

కూకట్‌పల్లి కిట్టు | మార్చి 2, రాత్రి 11:14

అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా మంచినీళ్ళ ట్యాంకులే నావి, మొదట గప్పీలు, తర్వాత మొక్కలతో ప్లాంటెడ్, లాస్ట్ రెండేళ్ళు డిస్కస్ చేపలు. ఇప్పుడు ఉప్పునీళ్ళ మీదకి, అంటే సముద్రం చేపలు, పగడాలు పెంచే రీఫ్ ట్యాంక్ మీదకి మనసు పోయింది, అసలు పోయి ఏడాదైంది, ఇంట్లో పర్మిషన్ రావడానికి ఆ ఏడాది పట్టింది. మా ఆవిడ షరతులు రెండు: హాల్లో నీళ్ళు కారకూడదు, ఖర్చు లక్ష దాటకూడదు. రెండోది దాటుతుందని మీకు తెలుసు నాకు తెలుసు ఆవిడకి తెలీదు, కాబట్టి ఈ థ్రెడ్ లింక్ ఎవరూ వాట్సాప్‌లో తిప్పొద్దు ప్లీజ్.

ట్యాంక్ 36 బై 18 బై 18 ఇంచులు, 10 ఎంఎం గ్లాస్, వెనక నీళ్ళు కిందకి దిగే ఓవర్‌ఫ్లో, కింద ఆ నీళ్ళు చేరే చిన్న తొట్టి, సంప్. ఆర్డర్ ఇచ్చేశా. మూడో ఫ్లోర్.

డౌట్లు. మా బోరు నీళ్ళు టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 870, కిచెన్ ఆర్‌ఓ లోంచి 45 వస్తుంది, అది చాలదా? మా బావ వైజాగ్‌లో ఉంటాడు, నెలకోసారి కార్లో వస్తాడు, నాలుగు క్యాన్లు సముద్రం నీళ్ళు తెమ్మంటే సరేనన్నాడు, ఉప్పు ఖర్చు తప్పుతుంది కదా? రాళ్ళు ఏవి తీసుకోవాలి? ఇంక యూట్యూబ్‌లో కనపడే ఆ కొమ్ములు కొమ్ములుగా ఉండే కోరల్స్ (పగడాలు), అక్రోపోరా, అవి ఎన్నో నెలలో పెట్టొచ్చు?

బెజవాడ మాస్టారు | మార్చి 3, ఉదయం 5:50

కిట్టూ, ఆర్డర్ ఇచ్చేశాక సలహా అడగడం మనవాళ్ళ ఆనవాయితీ, సరే కానీ.

ముందు బరువు. నీ ట్యాంకు నిండా పోస్తే 191 లీటర్లు. ఉప్పునీళ్ళు కాబట్టి 195 కిలోలనుకో, గ్లాసే 40 దాటుతుంది, రాయీ ఇసకా కలిపి 35, కింద సంపు, స్టాండు, మొత్తం 350 కిలోల దాకా ఒక్కచోట కూర్చుంటుంది. హాలు మధ్యలో పార్టిషన్ లాగా పెట్టకుండా కింద బీము ఉన్న గోడకి ఆనించి పెట్టు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని చూసుకో, స్టాండు ఒక మూల 2 ఎంఎం పల్లం ఉన్నా నీళ్ళు పోశాక కొట్టొచ్చినట్టు కనపడుతుంది, తర్వాత ఎత్తలేవు. మామూలు ప్లైవుడ్ వద్దు, ఉప్పు తడికి ఏడాదిలో అప్పడంలా ఉబ్బుతుంది. నా మొదటి స్టాండు అలాగే పోయింది.

నీళ్ళు. కిచెన్ ఆర్‌ఓ మనం తాగడానికి, అందుకే రుచి కోసం అందులో కొంచెం పచ్చి నీళ్ళు కలిపే నాబ్ ఉంటుంది, నీ 45 అక్కడి నుంచే వస్తుండొచ్చు. టీడీఎస్ మీటరు ఎంత ఉందో చెప్తుంది గానీ ఏముందో చెప్పదు. ఆ 45లో ఫాస్ఫేటో సిలికేటో రాగో ఉంటే నీకు తెలీదు, నత్తకి తెలుస్తుంది. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలు పట్టేసే డీఐ రెజిన్ కార్ట్‌రిడ్జ్ పెట్టి సున్నా తెచ్చుకో. 870 బోరు నీళ్ళయితే రెజిన్ త్వరగా అయిపోతుంది, మున్సిపల్ లైను ఉంటే దాన్నించి పట్టుకో. వేస్టు నీళ్ళు గచ్చు కడగడానికి.

ఋషికొండ రమ | మార్చి 3, ఉదయం 9:20

బావగారిని ఇబ్బంది పెట్టకు తమ్ముడూ. నేను సముద్రం నీళ్ళే వాడతాను, ఎనిమిదేళ్ళుగా, కానీ బీచ్‌లో బకెట్ ముంచి కాదు. ఒడ్డున ఏయే కాలవలు కలుస్తున్నాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. మాకు తెలిసిన పడవాయన లోపలికి వెళ్ళినప్పుడు కొత్త డ్రమ్ముల్లో తెచ్చిపెడతాడు. తెచ్చాక వడగట్టి, మూత పెట్టి, చీకట్లో గాలి పంపు ఆన్‌లో పెట్టి కొన్ని వారాలు ఉంచుతాను, అప్పటికి అందులో చిన్నచిన్న జీవాలన్నీ చచ్చి, కుళ్ళి, సర్దుకుంటాయి. ఆ తర్వాతే వాడకం.

ఇంకో సంగతి, మన బంగాళాఖాతం నీళ్ళు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. వానాకాలం దాటాక అక్టోబరు నవంబరుల్లో గోదావరి, ఇంకా పైనుంచి వచ్చే నదుల నీళ్ళన్నీ కలిసి ఒడ్డు వెంట ఉప్పు బాగా పడిపోతుంది. ఆ నెలల్లో నేను కొలిస్తే 26, 27 పీపీటీ (వెయ్యి వంతుల నీళ్ళల్లో అన్ని వంతుల ఉప్పు) కూడా వచ్చింది. నీకు కావాల్సింది 35. మన తీరంలో లక్షద్వీప్‌లో ఉన్నట్టు దిబ్బలకి దిబ్బలు పగడాలు ఎందుకు లేవంటే ఇది పెద్ద కారణం, నదుల మంచినీళ్ళు, వాటితో వచ్చే ఒండ్రు. నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు, ఉప్పు బకెట్ కొనుక్కో, హాయి.

నానో నవీన్ | మార్చి 3, మధ్యాహ్నం 1:05

ఫాలోయింగ్. నాదీ ఒక సిల్లీ డౌట్, ఆ రీఫ్ సాల్ట్ 20 కిలోలు ఏడెనిమిది వేలు చెప్తున్నారు. మన కిరాణా కొట్లో రాళ్ళ ఉప్పు కిలో పాతిక. అది కూడా సముద్రం నుంచి తీసిందే కదా? మళ్ళీ నీళ్ళల్లో కలిపితే సముద్రం నీళ్ళు అయిపోవాలి కదా లాజిక్ ప్రకారం?

చినగంజాం శీను | మార్చి 3, సాయంత్రం 6:48

నవీన్ తమ్ముడూ ఇది సిల్లీ డౌట్ కాదు, మా నాన్న ఉప్పు మళ్ళల్లో పనిచేశాడు కాబట్టి నాకు కరెక్టుగా తెలిసిన ముక్క ఇదొక్కటే, చెప్పనీ.

మడిలో నీళ్ళు పెట్టి ఎండబెడితే అన్నీ ఒకేసారి గడ్డ కట్టవు. ముందు సున్నం లాంటిది అడుగుకి దిగుతుంది, నీళ్ళు ఇంకా చిక్కబడితే జిప్సం దిగుతుంది, ఆ తర్వాత గానీ ఉప్పు పువ్వు కట్టదు. అంటే కాల్షియం చాలామటుకు అప్పటికే పోయింది. ఉప్పు లాగేశాక పైన మిగిలిన నీళ్ళు నాలిక మీద పెడితే చేదుగా ఉంటాయి, వాటిని బయటకి వదిలేస్తారు, మెగ్నీషియం పొటాషియం అందులో పోతాయి. ఆ రెండింటి మధ్య గోకి తీసిందే మనం పప్పులో వేసుకునేది. సముద్రం లవణాల్లో ఉప్పు నాలుగింట మూడొంతులకి కాస్త పైన, అంతే. మిగతా వంతు లేకపోతే పగడం దేంతో ఇల్లు కట్టుకుంటుంది?

ఊరగాయకి రాళ్ళ ఉప్పు, ట్యాంకుకి రీఫ్ సాల్ట్. రెండూ మార్చకూడదు.

నానో నవీన్ | మార్చి 3, సాయంత్రం 6:55

అన్నా దండం. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

డాలస్ రీఫర్ | మార్చి 4, ఉదయం 8:30

హాయ్ కిట్టు గారూ, ఇక్కడ మాది 120 గాలన్లు, నాలుగో ఏడు, ఎక్కువ అక్రోపోరాలే. మొదటి ఏడాది వాటి జోలికి పోకండి, నీళ్ళ ఆల్కలినిటీ (క్షార గుణం) అటూ ఇటూ ఊగినా చివర్లు తెల్లబడతాయి. నాకు ఫ్రాగ్స్, అంటే పగడం ముక్కలు, ఫార్మ్‌లో పెంచినవి దొరుకుతాయి, ఒక్కోటి రెండంగుళాలు. డిసెంబర్‌లో ఇండియా వస్తున్నా, కావాలంటే నాలుగు ముక్కలు సర్దుకుని తెస్తా హహ.

బెజవాడ మాస్టారు | మార్చి 4, ఉదయం 10:02

హహ అన్నా సరే, ఇలాంటివి సరదాకి కూడా రాయకండి సార్, చదివేవాళ్ళలో కొత్తపిల్లలు ఉన్నారు.

కిట్టూ, నువ్వూ విను. మన దేశంలో గట్టి పగడాలు అన్నీ, అంటే నీ అక్రోపోరాతో సహా దిబ్బ కట్టే జాతులన్నీ, బ్లాక్ కోరల్, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు, ఇవన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పులి ఉన్న షెడ్యూలు అది. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అప్పుడే అందులో చేరాయి. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళు. చచ్చిన పగడం రాయికీ ఇది వర్తిస్తుంది, కాబట్టి దిబ్బ మీద నుంచి పీక్కొచ్చిన లైవ్ రాక్ (జీవాలు పట్టిన రాయి) కూడా వద్దు. బయటి దేశం నుంచి తేవాలంటే గట్టి పగడాలకి సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) పర్మిట్ కావాలి, సూట్‌కేసు సరిపోదు.

వరంగల్ వేణు | మార్చి 4, మధ్యాహ్నం 12:40

మాస్టారూ తప్పుగ అనుకోకండ్రి, షాపులల్ల అమ్ముతున్నరు గద. నేను పోయిన నెల చూసిన, హామర్ కోరల్, టార్చ్, అన్ని ఉన్నయ్. వాళ్ళకి లేని భయం మనకెందుకు?

బెజవాడ మాస్టారు | మార్చి 4, మధ్యాహ్నం 1:15

వేణూ, హామర్, టార్చ్ రెండూ గట్టి పగడాలే, లోపల రాయి ఎముక ఉంటుంది. అమ్మేవాడికి భయం లేకపోతే అది వాడి సంగతి. తనిఖీ వచ్చిన రోజు ట్యాంకు నీ హాల్లో ఉంటుంది, వాడి హాల్లో కాదు.

భయం పక్కన పెట్టు. మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, కచ్‌లో మిగిలినవే కొన్ని, ఎండలకి తెల్లబడిపోతున్నాయి. అందులోంచి ఉలితో కొట్టుకొచ్చిన ముక్క నా ఇంట్లో రెండు నెలలు మెరిసి చస్తే నాకేం పుణ్యం. ఆ జాబితాలో లేనివి ఉన్నాయి, జోవాంతిడ్‌లు (జోవాలు), మష్రూమ్‌లు, రాయి ఎముక లేని మెత్తటివి. వాటికి కూడా బిల్లు అడుగు, ఎక్కడ పెంచారో అడుగు, నసిగితే బయటకి వచ్చెయ్. మొదటి రెండేళ్ళకి అవి చాలు. మష్రూమ్ ఒకటి నచ్చిన చోట కూర్చుంటే దాన్ని ఆపడమే కష్టం.

కూకట్‌పల్లి కిట్టు | మార్చి 4, రాత్రి 10:30

నిజంగా నాకు ఈ చట్టం సంగతి తెలీదు మాస్టారూ. అక్రో కల ఇంతటితో క్లోజ్. సిరామిక్ రాక్ 18 కిలోలు, డ్రై ఆరగొనైట్ ఇసక ఆర్డర్ పెట్టా.

కూకట్‌పల్లి కిట్టు | మార్చి 23, రాత్రి 9:45

అప్‌డేట్. ట్యాంక్ వచ్చింది. మూడు రోజులు మంచినీళ్ళు పోసి లీక్ టెస్ట్, పాస్. ఆర్‌ఓ డీఐ నుంచి సంప్‌తో కలిపి 200 లీటర్లు పట్టడానికి నాలుగు రోజులు, హాలంతా క్యాన్లు, ఇల్లు పెళ్ళివారి విడిదిలా ఉంది. ఉప్పు లీటరుకి 37 గ్రాముల లెక్కన ఏడు కిలోల నాలుగొందలు పట్టింది. మొదటి డ్రమ్ములో తెలివి తక్కువ పని చేశా, ఉప్పు ముందు పోసి దాని మీద నీళ్ళు పోశా. పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయి కింద ఇసక లాగా పేరుకుంది, ఎంత కలిపినా కరగలేదు. పారబోశా. మిగతావి నీళ్ళు ముందు, పంపు ఆన్, ఉప్పు కొంచెం కొంచెం, క్లియర్ గా వచ్చాయి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025.

సైకిల్ కోసం, అంటే అమోనియాని తినే బ్యాక్టీరియా పెరగడానికి, బజార్ నుంచి ఒక రొయ్య తెచ్చి మేజోడులో కట్టి వేలాడదీశా. మూడో రోజు నుంచి వాసన. పులుసులోకి వెళ్ళాల్సిన రొయ్యని ఇలా కుళ్ళబెట్టడం ఏంటని మా ఆవిడ, ఆమెది న్యాయమే.

ఋషికొండ రమ | మార్చి 23, రాత్రి 10:10

అయ్యో రొయ్య తీసెయ్ తమ్ముడూ, ఇది పాత పద్ధతి, ఎంత అమోనియా వస్తుందో నీ చేతిలో ఉండదు. ట్యాంకు సైక్లింగ్‌కని అమ్మే అమోనియం క్లోరైడ్ సీసా దొరుకుతుంది, 2 పీపీఎం వచ్చేలా వెయ్యి, బ్యాక్టీరియా సీసా ఒకటి పొయ్యి, టెస్ట్ చేసుకుంటూ కూర్చో. 2 వేస్తే ఒక్క రోజులో సున్నా అయ్యాక అప్పుడు సైకిల్ అయినట్టు.

రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్ళతో సున్నా చేశావా? 35 పీపీటీ కాలిబ్రేషన్ నీళ్ళు చిన్న సీసా కొనుక్కుని దాంతో సరిచూసుకో. సున్నా దగ్గర కరెక్టు చూపించి 35 దగ్గర తప్పు చూపించేవి చాలా ఉన్నాయి.

ఇంకొకటి మర్చిపోయా, ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందకి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా పెట్టు, నీటి చుక్క వైరు వెంట జారి సాకెట్‌లోకి పోకుండా. ఆ లైన్‌కి, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ ఉందా లేదా ఎలక్ట్రీషియన్‌ని అడుగు. ఉప్పునీళ్ళల్లో చెయ్యి పెట్టి షాక్ తిన్నదాన్ని చెప్తున్నా.

బెజవాడ మాస్టారు | మార్చి 24, ఉదయం 5:45

అమోనియా నుంచి పుట్టే నైట్రైట్ ఆకాశాన్ని అంటినా కంగారు పడకు. మంచినీళ్ళ ట్యాంకులో చేపని చంపేది ఉప్పునీళ్ళల్లో అంత హాని చెయ్యదు, క్లోరైడు అడ్డుపడుతుంది. కాకపోతే నైట్రైట్ ఉన్నంతకాలం, దాని తర్వాత వచ్చే నైట్రేట్ టెస్టు అబద్ధం చెప్తుంది, దాన్ని ఇప్పుడే చూడకు. నాలుగు నుంచి ఆరు వారాలు. లైటు ఆపెయ్, నాచుకి భోజనం పెట్టినట్టవుతుంది.

కూకట్‌పల్లి కిట్టు | ఏప్రిల్ 19, మధ్యాహ్నం 3:30

సైకిల్ అయినట్టే ఉంది, అమోనియా 2 నుంచి సున్నాకి 20 గంటలు. కానీ ఇప్పుడు రెండు తలనొప్పులు. బయట 41, ట్యాంకు 30.8. లైటు వెలిగించిన వారానికి ఇసక మీద, రాళ్ళ మీద అంతా కాఫీ డికాషన్ పొడి చల్లినట్టు గోధుమరంగు. రాత్రి పోతుంది, పొద్దున్న వస్తుంది. ఇంత చేసి చెత్త చేశానా?

నానో నవీన్ | ఏప్రిల్ 19, మధ్యాహ్నం 3:52

బ్రో ఒక లిక్విడ్ ఉంది, ఐదు చుక్కలు వేస్తే నాచు అంతా క్లీన్. నా ఫ్రెండ్ వాడాడు.

బెజవాడ మాస్టారు | ఏప్రిల్ 19, సాయంత్రం 4:10

నవీన్, ఆ ఫ్రెండు ట్యాంకు ఇప్పుడు ఎలా ఉందో కూడా కనుక్కుని చెప్పు.

కిట్టూ, ఇవి డయాటమ్‌లు, ఒక రకం సూక్ష్మ నాచు, దాదాపు ప్రతి కొత్త ట్యాంకుకీ వచ్చే అమ్మవారు. కొత్త రాయిలో ఇసకలో ఉన్న సిలికేటు తిని బతుకుతాయి, అది అయిపోగానే పోతాయి. ఏ చుక్కలూ వద్దు. దాని తర్వాత పచ్చ నాచు రావచ్చు, ఎర్రటి బంక రావచ్చు, మూడు నాలుగు నెలలు ఇలా వికారంగానే ఉంటుంది. నత్తలు వెయ్యి, ట్రోకస్‌లు ఒక ఆరు, పని చేసుకుపోతాయి. తప్పు ఎక్కడ చేస్తారంటే ఈ నాచు చూసి భయపడి నైట్రేటు ఫాస్ఫేటు రెండూ సున్నాకి లాగేస్తారు, అప్పుడు డైనోఫ్లాజెలేట్లు దిగుతాయి, ముక్కుచీమిడిలా బుడగలతో సాగుతూ. వాటి ముందు ఈ డయాటమ్‌లు దేవతలు. నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.05 దగ్గర కొంచెం మురికిగానే ఉంచు.

ఋషికొండ రమ | ఏప్రిల్ 19, సాయంత్రం 5:30

వేడికి ముందు ఫ్యాన్ పెట్టి చూడు. నీళ్ళ పై భాగం మీద గాలి తగిలేలా రెండు చిన్న ఫ్యాన్లు. మన కుండలో నీళ్ళు చల్లబడే లెక్కే. మీ దగ్గర ఏప్రిల్ పొడి గాలి కాబట్టి మూడు డిగ్రీలు దిగుతుంది, మా వైజాగ్ ఉక్కలో ఒక డిగ్రీ కూడా దిగదు, అందుకే నాకు నీళ్ళు చల్లబరిచే చిల్లర్ తప్పలేదు. ఫ్యాన్ పెడితే రోజుకి నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి చూసుకో. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గినంతా ఆర్‌ఓ నీళ్ళే పొయ్యాలి. ఆర్‌ఓ నీళ్ళే. రెండుసార్లు రాశాను, ఎందుకంటే మా తమ్ముడి ట్యాంకు ఇలాగే పోయింది.

మే నెల మీ ఊళ్ళో తట్టుకోవాలంటే మాత్రం చిల్లర్ కొనాల్సిందే. దాన్ని బాల్కనీలో పెట్టు, హాల్లో పెడితే అది వదిలే వేడికి ఏసీ ఏడుస్తుంది.

కూకట్‌పల్లి కిట్టు | ఏప్రిల్ 28, రాత్రి 11:50

ఫ్యాన్లతో 27.9. చిల్లర్ కూడా బుక్ చేశా అక్కా, సెకండ్ హ్యాండ్, 19 వేలు. లక్ష ఎప్పుడో దాటింది. నత్తలు ఆరు వేశా, రాత్రి టార్చ్ వేసి చూస్తే అద్దం మీద వాటి నాలికలు కనపడుతున్నాయి, గంట అలాగే కూర్చున్నా.

వరంగల్ వేణు | మే 6, సాయంత్రం 7:20

కిట్టన్నా నీ థ్రెడ్ల అడుగుతున్న ఏమనుకోకు. కాల్షియం కోసం కాల్క్‌వాసర్ అని డబ్బా అమ్ముతున్నరు, చూస్తే కాల్షియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉన్నది. గదంటే సున్నమే గద? కిళ్ళీ కొట్టు సున్నం వెయ్యొద్దా మరి?

చినగంజాం శీను | మే 6, రాత్రి 8:02

వేణు బ్రో కిళ్ళీ కట్టి ట్యాంకులో వెయ్, చేపలకి అరుగుదల.

బెజవాడ మాస్టారు | మే 7, ఉదయం 6:00

నవ్వకండి, వేణు పట్టుకున్నది కరెక్టే. అది సున్నపు తేటే. స్కూల్లో గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడేది గుర్తుందా, అదే. జర్మన్ పేరు పెట్టి అమ్ముతారు. కిళ్ళీ సున్నంలో ఇంకేం కలిపారో తెలీదు కాబట్టి అది వద్దు, ఫుడ్ గ్రేడు కాల్షియం హైడ్రాక్సైడు చవకగానే దొరుకుతుంది. లీటరుకి ఒకటిన్నర గ్రాము కలిపి, పేరనిచ్చి, పైన తేట మాత్రం తీసుకుని రాత్రిళ్ళు చుక్కచుక్కగా పొయ్యాలి. పీహెచ్ 12 పైన ఉంటుంది, చెంబుతో కుమ్మరిస్తే పొద్దున్నకి ట్యాంకులో ఏమీ మిగలదు. మూత లేకుండా ఉంచితే గాల్లో కార్బన్ డయాక్సైడు తగిలి పైన పెచ్చు కడుతుంది, ఇంక దానికి బలం ఉండదు.

కిట్టుకి ఇప్పుడు ఇవేమీ అక్కర్లేదు. మష్రూమ్‌లు రాయి కట్టవు, కాల్షియం తినవు. వారానికి పది శాతం నీళ్ళు మార్చుకుంటే చాలు.

కూకట్‌పల్లి కిట్టు | మే 17, రాత్రి 9:30

మూడు మష్రూమ్‌లు, ఒక చిన్న జోవా ముక్క వచ్చాయి, బిల్లు ఉంది, లోకల్‌గా పెంచినవే. క్లౌన్ చేపల జంట కూడా, హేచరీ పిల్లలు. ఇద్దర్నీ 40 లీటర్ల టబ్‌లో క్వారంటైన్ పెట్టా, బెడ్‌రూమ్‌లో, స్పాంజ్ ఫిల్టర్, ఒక పీవీసీ గొట్టం ముక్క. మా నాన్న ఊరి నుంచి వచ్చాడు, టబ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

బెజవాడ మాస్టారు | మే 18, ఉదయం 5:55

మంచి పని. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు తమిళనాడు మండపంలో, కేరళ విళింజంలో క్లౌన్‌లని పొదిగించే పద్ధతి నిలబెట్టాక ఇంక సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన పని లేదు. ఇద్దరూ ఇప్పుడు మగవాళ్ళే, పెద్దగా ఎదిగేది ఆడది అవుతుంది, కొన్నాళ్ళు కొట్టుకుంటారు, మధ్యలో దూరకు.

టబ్‌లో రాగి మందు వాడితే ఆ బకెట్టూ జాలీ పెద్ద ట్యాంకు వైపు రానివ్వకు, నత్తలు పోతాయి. నలభై రోజులు ఓపిక పట్టు. తెల్లమచ్చ జబ్బు ఒక్కసారి పెద్ద ట్యాంకులోకి దిగితే చేపల్లేకుండా 76 రోజులు ఖాళీగా ఉంచాల్సొస్తుంది.

జోవా ముక్క పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళజోడు. ఆ కుటుంబంలో కొన్నింట్లో పాలిటాక్సిన్ ఉంటుంది, భయంకరమైన విషం. ఆ రాయిని వేడినీళ్ళల్లో వెయ్యడం, బ్రష్‌తో రుద్దడం ఎప్పుడూ చెయ్యకు. విదేశాల్లో అలా ఉడకబెట్టి ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రిలో పడ్డారు.

కూకట్‌పల్లి కిట్టు | మే 24, సాయంత్రం 7:41

నమస్కారమండీ, నేను కిట్టు వాళ్ళ మిసెస్‌ని, ఆయన పుణే వెళ్ళారు, ఫ్లైట్‌లో ఉన్నట్టున్నారు ఫోన్ కలవట్లేదు. ఇక్కడ గాలివాన, కరెంట్ పోయి గంటన్నర అయింది. ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు తప్ప ట్యాంక్‌వి ఏవీ తిరగట్లేదు. చేపలు టబ్‌లో పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఏం చెయ్యాలో తొందరగా చెప్పండి. లక్ష సంగతి కూడా చదివాను, అది తర్వాత.

ఋషికొండ రమ | మే 24, సాయంత్రం 7:44

అమ్మా కంగారు పడకు. ముందు టబ్ చిన్నది కాబట్టి దానికి గాలి. ఆ గాలి పంపు ప్లగ్గుని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఫ్యానో లైటో వెలుగుతున్న సాకెట్‌కి మార్చు, అది చాలా తక్కువ కరెంటు తింటుంది. పెద్ద ట్యాంకులో వేవ్‌మేకర్ అని చిన్న ఫ్యాన్‌లా ఉంటుంది, దాని ప్లగ్గు కూడా అదే బోర్డులో. మిగతావి వదిలెయ్. మేత వెయ్యకు.

బెజవాడ మాస్టారు | మే 24, సాయంత్రం 7:46

ప్లగ్గులు మార్చేలోగా మామగారిని చెంబుతో టబ్ నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పొయ్యమనండి, రెండు నిమిషాలకోసారి. ఒక్కటే చూడండమ్మా, సంపు పొంగుతోందా?

కూకట్‌పల్లి కిట్టు | మే 24, సాయంత్రం 8:05

బోర్డు పెట్టేశాను, రెండూ తిరుగుతున్నాయి. చేపలు కిందకి వెళ్ళాయి. సంప్ పైదాకా వచ్చి ఆగింది, పొంగలేదు. మామయ్యగారు ఇంకా చెంబుతో పోస్తూనే ఉన్నారు, వద్దన్నా ఆపట్లేదు.

ఋషికొండ రమ | మే 24, సాయంత్రం 8:09

పొయ్యనీ, ఆయనకి నిద్ర పడుతుంది. వేడెక్కితే ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసా మూత బిగించి తేల్చు.

కూకట్‌పల్లి కిట్టు | మే 29, రాత్రి 10:20

వచ్చేశా. ఆ రోజు మీ ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. కరెంట్ పదకొండింటికి వచ్చిందట. డబ్బు సంగతి ఇంట్లో ఇంకా చర్చల్లో ఉంది.

కొత్త సమస్య. నత్తలు రెండు రోజులుగా కదలట్లేదు, మష్రూమ్‌లు ముడుచుకుపోయాయి. సాలినిటీ 1.028! కాలిబ్రేట్ చేసి మళ్ళీ చూశా, అదే. వెళ్ళేటప్పుడు 1.025. ఉప్పు ఎవరూ వెయ్యలేదు అంటున్నారు.

చినగంజాం శీను | మే 29, రాత్రి 10:41

తగ్గిన నీళ్ళు ఎవరు పోశారు?

కూకట్‌పల్లి కిట్టు | మే 29, రాత్రి 11:02

నాన్న. రోజుకి నాలుగు లీటర్ల లెక్కన ఐదు రోజులు. రెండు క్యాన్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఆర్‌ఓ, ఒకటి నీళ్ళు మార్చడానికి కలిపి పెట్టిన ఉప్పునీళ్ళు. "సముద్రం చేపలు కదరా, వాటికి ఉప్పునీళ్ళే కదా పొయ్యాలి" అన్నాడు. ఏమనాలి.

చినగంజాం శీను | మే 29, రాత్రి 11:10

ఏమీ అనకు. 20 లీటర్లలో 700 గ్రాముల ఉప్పు, 200 లీటర్లకి పంచితే మూడున్నర పీపీటీ. లెక్క సరిపోయింది, ఇంకేం తేడా లేదు. మళ్ళల్లో ఇదే పని జీతం ఇచ్చి చేయిస్తారు.

బెజవాడ మాస్టారు | మే 30, ఉదయం 5:48

ఒక్కరోజులో దించకు. ట్యాంకులోంచి ఏడెనిమిది లీటర్లు తీసి అంతే ఆర్‌ఓ నీళ్ళు నెమ్మదిగా పొయ్యి, రోజుకి 0.001 చొప్పున మూడు రోజులు. నత్తలు మూత గట్టిగా బిగించుకుని ఉంటే బతికున్నట్టే, వాసన చూడు. తగ్గిన నీళ్ళు దానంతటదే పోసే ఆటో టాప్ ఆఫ్ పెట్టు, ఫ్లోటు వాల్వు ఉన్నది చాలు.

కూకట్‌పల్లి కిట్టు | జూన్ 29, రాత్రి 9:15

క్లౌన్‌లు మెయిన్ ట్యాంక్‌లోకి దిగాయి. నత్తల్లో ఒకటి పోయింది, ఐదు ఉన్నాయి. మష్రూమ్ మూడు నాలుగైంది, నాలుగోది రాయి కిందకి జారి ఎక్కడికో పోతోంది. ఆటో టాప్ ఆఫ్ పెట్టినా నాన్న ఊరికి వెళ్ళలేదు, క్యాన్ల మీద మందుల చీటీ వెనకవైపు చింపి "మంచినీరు", "ఉప్పునీరు" అని రాసి అంటించాడు, రోజూ పొద్దున్న రెండింటినీ వేలితో నాలిక మీద పెట్టుకుని చూస్తున్నాడు, నాకు రిపోర్ట్ ఇస్తున్నాడు.

ఒక డౌట్. చిన్న క్లౌన్ రాత్రిళ్ళు ఓవర్‌ఫ్లో మూలలో నీటి పైకంటా వచ్చి అడ్డంగా పడుకుంటోంది. పెద్దది రాళ్ళ దగ్గర. దీనికి ఏమైనా అయిందా?

ఋషికొండ రమ | జూన్ 29, రాత్రి 9:40

ఏమీ కాలేదు, క్లౌన్‌లు అలాగే పడుకుంటాయి, వంకర టింకరగా, మూలల్లో. మేత తింటోందా? తింటే వదిలెయ్. చేప లోపలికి పోకుండా ఓవర్‌ఫ్లో పళ్ళకి జాలీ కట్టావా లేదా, అది చెప్పు ముందు.

కూకట్‌పల్లి కిట్టు | జూన్ 29, రాత్రి 9:43

కట్టలేదు. ఇప్పుడే కడుతున్నా.